టాక్సీకి కుంకుమ బొట్లు

గురవమ్మకి నోరెక్కువని ఏక్‌బాల్‌పూర్ బస్తీలో అందరూ అంటారు. అనేవాళ్ళంతా ఆమె ఊడ్చి వెళ్ళిన వీధిలో మళ్ళీ చెత్త పోసేవాళ్ళే కాబట్టి ఆ మాట పెద్దగా పట్టించుకోనక్కరలేదు. ఇరవై రెండేళ్ళుగా కార్పొరేషన్ చీపురు పట్టుకుని తెల్లారకముందే రోడ్డెక్కుతున్న మనిషి. నోరు లేకపోతే ఆ ఉద్యోగం ఎన్నడో ఊడేది.

మొగుడు మల్లేశు టాక్సీ నడుపుతాడు. ముసలి సర్దార్జీ ఒకాయన పంజాబు వెళ్ళిపోతూ, తన దగ్గర పదిహేనేళ్ళు జీతానికి నడిపిన మల్లేశుకే ఆ అంబాసిడర్‌ని చవగ్గా ఇచ్చి పోయాడు. శ్రీకాకుళం నుంచి బెంగాల్ వచ్చి రేవులో మూటలు మోసిన మనిషి కొడుకు సొంత టాక్సీ ఎక్కాడని ఆ వీధి తెలుగువాళ్ళు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. మల్లేశు పైకి చెప్పుకోడు. రోజూ బండి తుడిచేటప్పుడు మాత్రం, వీధిలో నలుగురు తిరిగే వేళ చూసుకుని తుడుస్తాడు.

ఎనభై ఏడు చలికాలంలో ఆ బండికి ఫిట్‌నెస్ పరీక్ష దగ్గరపడింది. రంగు వెలిసి తుప్పు కనబడితే మోటారు ఆఫీసులో కాయితం ఇవ్వరు. కాయితం లేకపోతే బండి రోడ్డెక్కదు. గారేజీవాడు చెప్పిన ధర విని మల్లేశు అటునుంచటే తిరిగొచ్చాడు.

"ఇంటికాడే ఏసేస్తాను" అన్నాడు.

"నీకు రంగులెయ్యడం ఎప్పుడొచ్చినాదేటి?" అంది గురవమ్మ.

"ఓడలకేసినోణ్ణి. కారుకెయ్యలేనా?"

అది నిజమే. కుర్రతనంలో రేవులో ఓడలకి తుప్పు గీకి రంగులేసే పని రెండేళ్ళు చేశాడు. ఓడంత పెద్దదానికి వేసినవాడికి కారొక లెక్కా అని గురవమ్మకీ ధైర్యం వచ్చింది. గది ముందున్న జాగాలో గోనెసంచులు కలిపి కుట్టి పందిరి వేశారు. గరుకుగా ఉండే శిరీష్ కాగితం నీళ్ళలో ముంచి పాత రంగంతా ఇద్దరూ రుద్దారు. ఆమె గోళ్ళు అరిగిపోయాయి. అద్దాల మీద రంగు పడినా ఊడొచ్చేలా సబ్బు పూశారు. ఎన్నికలప్పుడు గోడల మీద నినాదాలు రాసే వీధి క్లబ్బు కుర్రాళ్ళని అడిగి గురవమ్మే వెడల్పాటి బ్రష్షు తెచ్చింది. తిరిగెప్పుడిస్తావని వాళ్ళడగలేదు. ఆమెని అడిగే ధైర్యం ఎవరికుంది?

మల్లేశు రంగు వేస్తుంటే చూడ్డానికి బాగుండేది. ఎడమచెయ్యి ముందు రేకుని తడుముకుంటూ పోయేది, కుడిచేతిలో బ్రష్షు దాని వెనకే వచ్చేది. ఓడల పనివాళ్ళ పద్ధతి అలా ఉంటుందేమో అనుకుంది గురవమ్మ. మొగుడి పనితనం చూసి లోలోపల మురిసింది కూడా. పైకి మాత్రం, "బేగి కానీ, సీకటడిపోతన్నాది" అంది.

చలికాలం సాయంత్రాలు బస్తీలో ప్రతి గుమ్మం ముందూ బొగ్గుపొయ్యి రాజేస్తారు. ఆ పొగ తడిరంగు మీద వాలితే ఇంతే సంగతులు. రెండు సాయంత్రాలు పొయ్యిలు అవతలి పక్కకి జరుపుకోమని గురవమ్మ ఇల్లిల్లూ తిరిగి బతిమాలింది. బతిమాలడం అంటే ఆమె పద్ధతిలోనే. అందరూ జరుపుకున్నారు.

ఆదివారం సాయంత్రానికి పని పూర్తయింది. మల్లేశు హారన్ బాగుచేయించుకు రావడానికి వెళ్ళాడు. గురవమ్మ ఒక్కతే గుమ్మంలో కూర్చుని పసుప్పచ్చగా మెరుస్తున్న బండిని ఎంతసేపో చూసింది. కొత్తకోక కట్టుకున్న పెళ్ళికూతురిలా ఉందనిపించింది. ఆ ఆలోచన రావడమే పొరపాటయింది. వాళ్ళిళ్ళలో కొత్తబట్ట అంచుకి పసుపు పెట్టనిదే ఒంటిమీద వేసుకోరు. గజం జాకెట్టు గుడ్డకే పసుపు పెడతామే, ఇంటిల్లిపాదికీ కూడు పెట్టే బండికి పెట్టకుండా పరీక్షకి పంపడమా? పసుపు తీసుకొచ్చి పూసింది. పసుపు బండి మీద పసుపేం కనబడుతుంది? అందుకని కుంకుమ నూనెలో కలిపి, నాలుగు తలుపులకీ, ముందొకటీ వెనకొకటీ, ఆరు బొట్లు పెట్టి దణ్ణం పెట్టుకుంది. మల్లేశు ఆలస్యంగా వచ్చి, తిని పడుకున్నాడు.

పొద్దున్న వీధులు ఊడ్చి ఎనిమిదింటికి ఇంటికొచ్చేసరికి ఎండ బండి మీద పడుతోంది. మంచుకి రంగు పూర్తిగా ఆరలేదు. బొట్లు కరిగి ఎర్రగా కిందికి కారాయి. కొంగుతో తుడవబోతే ముందు తలుపు మీద అరచెయ్యంత మేర పులుముకుపోయి, బండి పసుపురంగు కూడా కొంగుకి అంటుకుంది. పన్నెండింటికి మోటారు ఆఫీసులో ఉండాలి. ఇంతలో మల్లేశు లుంగీ ఎగ్గట్టుకుంటూ బయటికొచ్చాడు.

తిట్లకి సిద్ధపడి ఓ పక్కకి నిలబడింది. మల్లేశు బండి చుట్టూ నెమ్మదిగా తిరిగాడు. వంగి, ముఖం దగ్గరగా పెట్టి చూశాడు. ముందు తలుపు మీద అరచెయ్యి ఆనించి, "ఇక్కడింకా కొంచెం తడిగున్నాది" అన్నాడు. ఆ చెయ్యి ఎర్రబడింది. ఆ చేత్తోనే నుదురు తుడుచుకున్నాడు. నుదురంతా కుంకుమ.

"సూసేవా, ఒక్క మచ్చ నేదు" అన్నాడు తృప్తిగా.

తన మీద జాలిపడి చూడనట్టు నటిస్తున్నాడేమో అని ఒక్క క్షణం అనుకుంది గురవమ్మ. పదేళ్ళ కిందట కూరలో ఉప్పెక్కువైతే ఇప్పటికీ ఎత్తిచూపే మనిషి. అంత జాలి ఉన్నట్టుండి ఎక్కణ్ణుంచి వస్తుంది?

"నీ సెయ్యి సూసుకో" అంది.

చూసుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు. "ఏటున్నాది?" అన్నాడు.

గురవమ్మ వెళ్ళి అతని చెయ్యి పట్టుకుని కుళాయి గట్టు మీద కూర్చోబెట్టింది.

"ఎన్నాళ్ళబట్టీ?"

మల్లేశు ఆ చెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు. "ఏడాది" అన్నాడు చివరికి. "మబ్బుగా ఉంటే బాగానే ఉంటాది. ఎండెక్కినా, రాత్రేల ఎదర దీపాలెలుగు పడినా పొగ కమ్మేస్తాది. బస్సులాటివి అగుపడతాయి. మనుసులే దగ్గరికొస్తేగానీ తెలవరు."

"ఎవులికైనా తగిలించేవా?"

"నేదు. మోమిన్‌పూర్ మూల ఒక ఆడకూతురు సంటిదాన్నెత్తుకుని రోడ్డు దాటతన్నాది. బండాగినాక అగుపడింది. మూరెడు దూరం."

చీకటి పడ్డాక బేరాలు ఒప్పుకోవడం మానేసి అతను పెందరాళే ఇంటికొస్తుంటే, ఇన్నాళ్ళకి ఇంటి మీద ధ్యాస కలిగిందని గురవమ్మ సంబరపడింది. ఆ సంబరం తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేసింది. తెల్లారకముందు రోడ్డు మీద వంగి ఊడ్చేటప్పుడు, వెనకనుంచి వచ్చే బండివాడికి తను కనబడిందో లేదో అని ఆమె రోజూ భయపడుతుంది. అలా భయపడాల్సిన బండివాళ్ళలో తన మొగుడూ ఉన్నాడని ఆమెకి ఎన్నడూ తోచలేదు.

"నాకైనా సెప్పకపోయేవా" అంది.

"బండి దిగిపోతే నానేటి? నీ జీతం మీద కూసుని తినాలా?"

"కూసుని తిను. నా జీతానికేటి తక్కువ? రేపు కళ్ళాసుపత్రికెల్దుం. బండి పోలయ్య నడుపుతాడు."

పోలయ్య పక్కగదిలోవాడు, వేరేవాళ్ళ టాక్సీ రాత్రిపూట నడిపి అప్పుడే వచ్చి పడుకున్నాడు. గురవమ్మ లేపిన పద్ధతికి లేవక తప్పలేదు. సంగతి విని చొక్కా తొడుక్కుని బయటికొచ్చాడు. తరవాత కిరసనాయిలు గుడ్డతో ఆరు చోట్లా ఎరుపు తుడిచాడు. మల్లేశు పక్కన నిలబడి చెబుతుంటే గురవమ్మే బ్రష్షు పట్టుకుని ఆ చోట్ల పల్చగా రంగు వేసింది. "ఒకపక్కకే లాగు, ఎనక్కి తేకు" అని అతను చెప్పినట్టల్లా చేసింది. పెళ్ళయ్యాక ఆమె ఎదురుచెప్పకుండా అతని మాట విన్న పూట అదొక్కటే.

మోటారు ఆఫీసుకి వెళ్ళేటప్పుడు మల్లేశు తన టాక్సీలో మొదటిసారి వెనక సీట్లో కూర్చున్నాడు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ప్రతి మూల దగ్గరా కుడికాలు నేలని నొక్కుతూనే ఉంది.

"మావా" అన్నాడు పోలయ్య దారిలో. "డ్రైవరుగా నీ పేరే సెప్పేద్దుం. నైసెన్సు సూపిస్తే సాలు. ఆళ్ళు బండినే సూస్తారు, కళ్ళు సూడరు. బండి నీ సేతిలోనే ఉన్నట్టుంటాది. ఎప్పుడైనా నువ్వు తోలుకోవచ్చు."

మల్లేశు అద్దం వైపు తిరిగి కూర్చున్నాడు. గురవమ్మ నోరు విప్పలేదు. పోలయ్య చెప్పినట్టే కానిమ్మని తనంటే అతను వింటాడు. రేపెప్పుడో మబ్బుపట్టిన పొద్దున తాళంచెవి తీసుకుని బయల్దేరుతాడు కూడా. మోమిన్‌పూర్ మూల ఆడమనిషి ఆమె కళ్ళముందు కదులుతూనే ఉంది.

ఇన్‌స్పెక్టరు చిన్నవాడు, బెంగాలీ. బ్రేకులూ దీపాలూ చూశాడు. తలుపుల మీద రంగు కొంచెం తేడాగా ఉన్న చోట్లు వంగి చూసి, "ఇంట్లో వేశారా?" అని నవ్వాడు. బాగానే వేశారన్నాడు. రాసుకుంటూ తలెత్తకుండానే, డ్రైవరెవరని అడిగాడు.

పోలయ్య మల్లేశు వైపు చూశాడు. గురవమ్మ నేల వైపు చూసింది.

"నాకు కళ్ళు కనబడవు, బాబూ" అన్నాడు మల్లేశు బెంగాలీలో, వరసలో నిలబడ్డ డ్రైవర్లందరికీ వినబడేలా. "బండి ఇతను నడుపుతాడు."

ఆ మాట అతని నోటివెంట రావాలనే ఆమె దేవుడికి మొక్కుకుంటోంది. తీరా వచ్చాక తట్టుకోలేకపోయింది. అటు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

కాయితం చేతికొచ్చింది. మల్లేశు దాన్ని తడుముకుని మడిచి పోలయ్యకిచ్చాడు. బండి ఆపాక పోలయ్య మర్యాదకి అతని చేతిలో పెట్టిన తాళంచెవి మాత్రం ఇంకా గుప్పిట్లోనే ఉంది. గురవమ్మ కళ్ళు తుడుచుకుని వచ్చి ఆ గుప్పిట మీద చెయ్యి వేసింది. విప్పడానికి చూడలేదు. వెనకవాళ్ళు హారన్లు కొడుతున్నా పట్టించుకోకుండా, అతనంతట అతను వేళ్ళు వదిలేదాకా అలాగే నిలబడింది.