జిప్పు బైబిల్లో ఆగిపోయిన చీటీలు

ఇది ఒక మహాగాథ. ఇందులో అధికారం ఉంది, కుట్ర ఉంది, ఎదురెదురుగా మోహరించిన రెండు వర్గాలున్నాయి, ఒక పెట్టె మీద ఏడాది పొడవునా సాగిన నిఘా ఉంది, నిండు సభలో రహస్యం బట్టబయలయ్యే ఘట్టం కూడా ఉంది. ఇలా మొదలుపెడితే చదివేవాళ్ళు కాస్త సర్దుకుని కూర్చుంటారని ఆశ. నిజం చెప్పాలంటే, ఇది పోయిన వారం నేను మా చిన్నాయన బైబిలు కవరుకు జిప్పు బాగుచేయించడానికి కర్నూలు పోయిన సంగతి. అధికారం అంటే మా ఊరి చర్చి కమిటీ. మోహరించిన వర్గాలంటే ఎడమ వరస బెంచీలు, కుడి వరస బెంచీలు.

పాత బస్టాండు వెనక సందులో సంచులకు, సూట్‌కేసులకు జిప్పులు వేసే ఒక భాయ్ ఉన్నాడు. ఆయన కవరు తిరగేసి, చిరిగిన లోపలి గుడ్డలోకి వేలు పెట్టి, నాలుగు మడతలు పడిన చిన్న కాగితం ఒకటి బయటికి లాగాడు. "ఏమప్పా, లోపల లాటరీ టికెట్టు దాచినారే" అన్నాడు. విప్పి చూశాను. మా అత్త పేరు, మా కుటుంబం నంబరు, ఒక ఆదివారం తేదీ. మూడేళ్ళ కిందటిది. "లాటరీ కాదు భాయ్, ఓటు" అన్నాను. ఆయన దాన్ని వెలుతురుకు పట్టుకుని చూసి, "ఇంత చిన్న ఓటా?" అన్నాడు. ఆ మాట మూడేళ్ళ కింద ఎవరైనా మా చిన్నాయనతో అని ఉంటే బాగుండేది.

మా చర్చి సంగతి తెలియని వాళ్ళకు ఈ చీటీ వ్యవహారం కొంచెం చెప్పాలి. మాది కోసిగి దారిలో ఒక మోస్తరు ఊరు. నెలకొకసారి, మొదటి ఆదివారం, ప్రభు సంస్కారం, అంటే రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ఆరాధన, ఉంటుంది. సంస్కారం తీసుకోవడానికి పోయే ప్రతివాళ్ళూ పేరు రాసిన చీటీ ఒకటి తలుపు దగ్గరి చెక్కపెట్టెలో వేసి పోవాలి. కమిటీ సెక్రటరీ ఆ చీటీలు చూసి రిజిస్టరులో రాసుకుంటాడు. ఏడాదిలో కనీసం మూడు చీటీలు పడితేనే ఓటర్ల జాబితాలో పేరు వస్తుంది. జాబితాలో పేరుంటేనే ఓటు వేయడమైనా, పోటీ చేయడమైనా. ఎవరు ఎంత భక్తిపరులో దేవుడికి తెలుసు గానీ, కమిటీకి తెలియాలంటే చీటీ కావాలి.

అప్పటి సెక్రటరీ మా ఊరి రిటైర్డ్ హెడ్మాస్టరు. పెట్టె తాళంచెవి ఆయన జందెంలాగా మెడలో వేసుకునేవాడు, చొక్కా లోపల. డయాసిస్ కౌన్సిలుకు, అంటే బిషప్పుగారి కింద ఉన్న చర్చిలన్నీ కలిసే సభకు, మా సంఘం తరఫున పోయే ప్రతినిధి కూడా ఆయనే. ఎన్నేళ్ళుగా అంటే, ఆయన గాక ఇంకొకరు పోవచ్చుననే ఆలోచన కూడా ఎవరికీ రానన్నేళ్ళుగా. ఆ ఆలోచన మొదట మా అత్తకు వచ్చింది. అత్త అంటే మా నాన్నకు, చిన్నాయనకు అక్క. చర్చి వెనక ఉన్న ఆడపిల్లల హాస్టలుకు ఇరవై ఏళ్ళు వార్డెనుగా చేసి, రిటైరయ్యాక కూడా రోజూ సాయంత్రం పోయి పిల్లల తలలు దువ్వి, పేన్లు చూసి వచ్చే మనిషి. ఆ పిల్లల అమ్మానాయనలు వాన మొహం చాటేయగానే మూటాముల్లె కట్టుకుని సుగ్గికి, అంటే ఊరుకాని ఊరికి కూలిపనులకు, పోయేవాళ్ళు. నెలా రెణ్ణెల్లకు ఒక రోజు వీలు చేసుకుని వచ్చి పిల్లను చూసి పోతారు. ఆ ఏడు ఈ హాస్టలును కడపలోని పెద్ద హాస్టల్లో కలిపేయాలన్న ప్రతిపాదన కౌన్సిలుకు వస్తోందని తెలిసింది. "కడపకు తీస్కపోతే వీళ్ళమ్మ యాడికొచ్చి చూస్తాదిరా? రావడానికి ఒక రోజు, పోవడానికి ఒక రోజు. రెండ్రోజుల కూలి ఇడిసి వస్తాదా?" అన్నది అత్త. హెడ్మాస్టరును కౌన్సిల్లో మాట్లాడమని అడిగితే, "చూద్దాంలేమ్మా" అన్నాడట. ఆయన బడిలో చదువుకున్న వాళ్ళందరికీ ఆ మాటకు అర్థం తెలుసు. కాబట్టి అత్త తానే పోటీ చేస్తానంది.

ఇక మా చిన్నాయన రంగంలోకి దిగాడు. మా చిన్నాయన అనుమానం అనే విద్యలో ఆరితేరినవాడు. టీలో చక్కెర తక్కువైతే టీకొట్టు వాడి వెనక ఎవరున్నారని ఆలోచిస్తాడు. ఆ ఏడాది జనవరి మొదటి ఆదివారమే ఆయన కళ్ళ పడింది: ఆరాధన అయ్యాక హెడ్మాస్టరు చీటీల పెట్టెను గుడ్డసంచిలో పెట్టుకుని ఇంటికి పోతున్నాడు. "చూసినావా? పెట్టె ఇంటికి పోతాండాది. ఇంట్లో తలుపులేసుకుని మన వాళ్ళ చీటీలన్నీ తీసి పొయ్యిలో పెడ్తాడు. డిశంబరుకు జాబితాలో మనోడు ఒకడుండడు" అన్నాడు. నేను నవ్వాను గానీ, నాకూ లోపల కొంచెం పురుగు తొలిచింది. ఆ సంచి చంకలో పెట్టుకుని ఆయన నడిచే తీరులో ఏదో ఉంది మరి.

చిన్నాయన ఉపాయం ఏమిటంటే, అత్తకు ఓటు వేసే మా ఎడమ వరస బెంచీల వాళ్ళెవరూ చీటీలు పెట్టెలో వేయకూడదు. అన్నీ ఆయన చేతికివ్వాలి. ఆయన వాటిని తన జిప్పు బైబిల్లో భద్రంగా దాచి, ఏడాది చివర నమ్మకమైన మనిషి చేతిలో పెట్టి సంతకం తీసుకుంటాడు. "మరి పెట్టెలో ఏమీ వేయకపోతే వాళ్ళకు అనుమానం రాదా చిన్నాయనా? ఖాళీ కాగితాలు మడిచి వేయమను" అన్నాను నేను. వెటకారంగా అన్నాను. ఒట్టు, వెటకారమే. కానీ ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "నీకు నా తెలివే వచ్చిందిరా" అన్నాడు. ఫిబ్రవరి నుంచి మా బెంచీల వాళ్ళందరూ, నాతో సహా, తెల్ల కాగితాలు భక్తిగా నాలుగు మడతలు వేసి పెట్టెలో వేస్తూ వచ్చాం. అత్తకు ఈ తెల్లకాగితాల సంగతి తెలియదు. ఆమె ప్రతి ఆదివారం ఆరాధన మొదలయ్యేదాకా హాస్టలు పిల్లలను బెంచీల్లో సర్దుతూ ఉంటుంది గనక, "నా చీటీ వేసి రాప్పా" అని తమ్ముడికిచ్చేది. ఆయన ఆమె వంతు తెల్లకాగితం పెట్టెలో వేసి, చీటీ కూడా వేసేవాడు, బైబిల్లో.

అక్కడిదాకా బాగానే నడిచింది. చిక్కు నమ్మకమైన మనిషి దగ్గర వచ్చింది. మొదట అయ్యగారికి ఇద్దామనుకున్నాడు. పాస్టరును మేము అయ్యగారు అంటాం. కానీ అయ్యగారు హెడ్మాస్టరు ఇంట్లో రెండుసార్లు ఉగ్గాని తిన్నట్టు సమాచారం అందింది. ఆయన పేరు కొట్టేశాడు. పిల్లలను సంఘంలో చేర్చుకునే కన్ఫర్మేషనుకు బిషప్పుగారు వచ్చినప్పుడు ఆయన చేతికే నేరుగా ఇద్దామనుకుని, దండల వరసలో బైబిలు చంకన పెట్టుకుని గంటసేపు నిలబడ్డాడు. తీరా దగ్గరికి పోయాక, కారు డ్రైవరు హెడ్మాస్టరుతో నవ్వుతూ మాట్లాడడం చూసి వెనక్కి వచ్చేశాడు. మహిళా సమాజం ప్రెసిడెంటమ్మ హెడ్మాస్టరుకు వరసకు మరదలు. గంట కొట్టే ఆయన హెడ్మాస్టరు దగ్గర చదువుకున్నాడు. ఆ లెక్కన ఊరంతా ఆయన దగ్గరే చదువుకుంది, చిన్నాయనతో సహా. నవంబరు నెల దాటేసరికి ఆ చీటీలు అందుకోవడానికి అర్హుడైన మనిషి భూమ్మీద ఒక్కడు కూడా మిగల్లేదు.

డిశంబరులో జాబితా గోడకు అంటించారు. కుడి వరస బెంచీలు మొత్తం ఉన్నాయి. ఎడమ వరసలో ఒక్క పేరూ లేదు. అత్త పేరు కూడా లేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి పక్కగదిలో కమిటీ కూర్చుంది. అభ్యంతరాలు ఉన్నవాళ్ళు రావచ్చు అన్నారు గనక మేమందరం పోయాం. చిన్నాయన నిలబడి, "చీటీలు మాయమైనాయి. ఎవురు మాయం చేసినారో ఈడున్న అందరికీ తెలుసు" అన్నాడు.

హెడ్మాస్టరు ఏమీ కంగారు పడలేదు. బల్ల కింద నుంచి ఒక కవరు తీసి బల్ల మీద కుమ్మరించాడు. అన్నీ మడిచిన తెల్ల కాగితాలు. "ఇది చూడప్పా. ఫిబ్రవరి నుంచి పెట్టెలో ఇవి పడ్తాండాయి. నా మీద ఎవురో ఏందో చేస్తాండారని నాకు అప్పుడే అనుమానమొచ్చింది. అందుకే కాగితమొకటి పారేయకుండా దాచినా. చేతబడి కూడా అనుకుంటిమి మా ఇంట్లో."

"పెట్టె ఇంటికెందుకు తీస్కపోతాండావు సార్?" అన్నాడు చిన్నాయన.

"ఈ గదిలో లైటు లేదు కదప్పా. నా కండ్లకు రిజిస్టరు కనపడదు. లైటు ఏపించండని నాలుగు మీటింగుల్లో అడిగినా. రాసి ఉండాది చూసుకో" అన్నాడు హెడ్మాస్టరు.

అయ్యగారు నెమ్మదిగా, "మరి అసలు చీటీలు యాడున్నాయి?" అని అడిగారు. చిన్నాయన బైబిలు బల్ల మీద పెట్టి జిప్పు లాగాడు. సగం దూరం వచ్చి పట్టేసింది. ఇలాంటి ఘట్టంలో చీటీలు పూలవానలాగా రాలాలి. మా ఊళ్ళో జిప్పు పట్టేస్తుంది. ఇద్దరు కమిటీ సభ్యులు కవరును అటూ ఇటూ పట్టుకున్నారు, ప్రెసిడెంటమ్మ కొబ్బరినూనె రాయమంది, చివరికి గంట కొట్టే ఆయన పళ్ళతో లాగాడు. జిప్పు రన్నరు ఊడొచ్చింది. చీటీలు వచ్చాయి. హెడ్మాస్టరు వాటిని పేర్చి, తెల్ల కాగితాలను పక్కన పేర్చి, రెండు కుప్పలూ చూసి, "సరిపోయినాయి. ఒక్కటే తక్కువ" అన్నాడు. ఏళ్ళ తరబడి లెక్కలు చెప్పిన మనిషి. ఆ ఒక్కటి ఎక్కడుందో పోయిన వారం దాకా తెలియలేదు.

నియమం ప్రకారం ఏడాది లోపల పెట్టెలో పడిన చీటీయే చీటీ. బైబిల్లో పడినది కాదు. ఈ విషయం అయ్యగారు శానా బాధపడుతూనే చెప్పారు. పోటీకి మిగిలిన పేరు ఒకటే. హెడ్మాస్టరును ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు.

బయటికొచ్చాక అత్త తమ్ముడి వంక చూసి, "నా చీటీ కూడానా?" అంది. చిన్నాయన తల దించుకున్నాడు. "ఆ తెల్లకాగితాల తెలివి ఎవురిది?" అంది. చిన్నాయన నా వంక చూశాడు. అప్పటికప్పుడు ఏదో ఒకటి అని నవ్వించడం నాకు పుట్టుకతో వచ్చిన రోగం. ఆ తెల్లకాగితాలూ ఆ రోగం పుణ్యమే. అత్త నన్ను తిట్టలేదు. "మీకు మనుషుల మీద నమ్మకం లేదు, సరే. ఆ పిల్లోళ్ళ మీదన్నా కనికరం ల్యాకపాయనే" అని చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంది. తిడితే బాగుండేది.

మరుసటి రోజు ఆమె హెడ్మాస్టరు ఇంటికి పోయింది. "సార్, ఓటు అడిగేకి రాలేదు. కౌన్సిలుకు పోయేలోపల ఒక్క సాయంత్రం హాస్టలుకు రాండి" అంది. ఆయన వచ్చాడు. వరండాలో కుర్చీ వేస్తే కూర్చుని, అలవాటు కొద్దీ పిల్లలను పదమూడో ఎక్కం అడిగాడు. అందరూ చెప్పారు. ఒక చిన్నపిల్ల మాత్రం ఎక్కం చెప్పకుండా, "సార్, మమ్మల్ని కడపకు పంపేది నువ్వేనా?" అంది. అత్త దువ్వుతున్న దువ్వెన ఆపింది. హెడ్మాస్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, "పద్నాలుగో ఎక్కం చెప్పు" అన్నాడు.

ఆయన కౌన్సిలుకు పోయి వచ్చాడు. అక్కడ మాట్లాడాడా లేదా అన్నది మా చిన్నాయనకు పట్టుకుంది. కడపలో తెలిసిన ప్రతినిధి ఒకాయనకు ఫోను చేసి అడిగాడు. ఆ సమయంలో తాను భోజనాల దగ్గర తట్ట పట్టుకుని వరసలో ఉన్నానని ఆయన చెప్పాడు. కొన్ని నెలలకు కౌన్సిలు మినిట్సు వచ్చాయి. హాస్టళ్ళ విలీనం దగ్గర ఒకటే ముక్క ఉంది: సమయాభావం వల్ల వచ్చే కౌన్సిలుకు వాయిదా. తర్వాతి ఏడు కూడా అదే ముక్క. ఆ తర్వాతి ఏడూ అదే. నేను ఉండబట్టలేక ఒకసారి హెడ్మాస్టరునే అడిగాను. "అది అజెండాలో ఆఖరి అంశమప్పా. దానికి ముందు సమాధుల తోట ప్రహరీ మీద నేను కొంచెం మాట్లాడాల్సొచ్చింది" అన్నాడు. కొంచెం అంటే ఎంతసేపు సార్ అన్నాను. "టీ వచ్చేదాకా" అన్నాడు. మూడేళ్ళూ అదే ప్రహరీనా అని అడుగుదామనుకుని ఆగిపోయాను. కొన్ని అనుమానాలను తీర్చుకోకుండా ఉంచుకోవడమే మంచిది.

ఈ ఏడాది మళ్ళీ ఎన్నికలు. అత్త తన చీటీలు తానే పెట్టెలో వేసుకుంది, తమ్ముడు పక్కన నిలబడి చూస్తుండగా. జాబితాలో ఆమె పేరుంది. హెడ్మాస్టరుకు కళ్ళు బాగా మందగించాయి, ఇక పోటీ చేయనన్నాడు. జిప్పు భాయ్ తీసిన ఆ పాత చీటీని తీసుకుపోయి ఆమెకిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, "ఇప్పుడిచ్చి ఏం జేస్తావురా" అని దువ్వెన సందుల్లో ఇరుక్కున్న మట్టి దానితో గీకేసింది. కాలం మనల్ని నిర్దోషులని తేల్చదు. మన తప్పులను ఆ మాత్రం పనికొచ్చే కాగితాలుగా చేసి పెడుతుంది, అంతే.

భాయ్ దగ్గర ఆ సైజు రన్నరు లేదు. బుధవారం రమ్మన్నాడు. అందాకా బైబిలుకు రబ్బరు బ్యాండు వేశాం.