కోళ్ళు గీత తిన్న ఏడాది

వేడియప్పన్‌ను ఏ ప్రశ్న అడిగినా జవాబు ధర్మపురి మహిళల కబడ్డీ కప్పు మొదటి ఏడాది నుంచి మొదలవుతుంది. టైమెంతయిందని అడిగినా అంతే. పెన్నాగరం బస్సు పోయిందా అని అడిగినవాడు, జవాబు పూర్తయ్యేలోపు ఆ బస్సునూ దాని వెనక బస్సునూ పోగొట్టుకుంటాడు. ఒకసారి చావింటికి పరామర్శకు వెళ్ళి, పోయిన పెద్దాయన కోళ్ళు గీత తిన్న ఏడాది పడమటి వైపు కూర్చుని ఆట చూశాడని అందుకున్నాడు. ఏడవడానికి వచ్చినవాళ్ళు, ఈయన ముగిస్తే ఏడుద్దామని వరసగా కూర్చున్నారు.

కోళ్ళ సంగతేమిటంటే, మొదటి ఏడాది సున్నం అయిపోయి కోర్టుకు బియ్యప్పిండితో గీతలు గీశారు. ఫైనల్ మధ్యలో కోళ్ళు వచ్చి ఒక పక్క గీతంతా తినేశాయి. గీతే లేనప్పుడు దాటానని ఎట్లా అంటారని ఒక అమ్మాయి వాదించి నెగ్గింది. రెండో ఏడాది కప్పు మీద బ్యాటు పట్టుకున్న మగవాడి బొమ్మ వచ్చింది. వేరే బొమ్మ లేదన్నాడు అంగడివాడు. ఈ చుట్టుపక్కల ఆడవాళ్ళు కబడ్డీలో గెలిచి ఇప్పటికీ ఎత్తి చూపించేది ఆ క్రికెట్టువాడినే.

ప్రతి ఫైనల్‌కు ముందూ ఈ చరిత్రంతా వేడియప్పన్ మైకులో చెబుతాడు. మైకు సెట్టు ఆయనదే, పైగా ఊరికే ఇస్తాడు. ఇక ఆపమనేదెవరు? ఆయన మాట్లాడుతుండగా ఆట మొదలుపెట్టడమూ కుదరదు. కూతకు వెళ్ళిన అమ్మాయి కబడ్డీ కబడ్డీ అంటోందో, మధ్యలో ఊపిరి తీసుకుందో రెఫరీకి వినపడాలి కదా. అందుకని రెఫరీ దినకరన్ ఈల నోట్లో పెట్టుకుని, మామిడి టెంక చీకుతున్నవాడిలా నిలబడి ఉంటాడు.

మోహనప్రియకు ఈ చరిత్రంటే ఒళ్ళుమంట. ఒకప్పుడు ఆమె వెల్లిచందై జట్టులో ఆడేది. ఆ జట్టంతా తట్టలు మోసే ఆడవాళ్ళే. పని దిగి, కాళ్ళకు సిమెంటుతోనే పరుగెత్తుకొచ్చేసరికి చరిత్ర ఎప్పుడూ ఆఖరి మాటలో ఉండేది. తమ జట్టుకున్న అదృష్టం అదొక్కటేనని ఆమె ఇప్పటికీ చెప్పుకుంటుంది. ఈ ఏడాది కప్పు సెక్రటరీ కాగానే తిన్నగా వేడియప్పన్ మైకుసెట్టు అంగడికి వెళ్ళింది.

"మామా, ఈతూరి చరిత్ర రెండు ముక్కల్లో చెప్పేయి. జనం లేచి పోతా ఉండారు."

"మొదటి ఏడాది కూడా జనం..."

"రెండే ముక్కలు. లేకుంటే పాలక్కోడు నుంచి వేరే సెట్టు తెప్పిస్తాను."

వేడియప్పన్ "సరే పాపా," అన్నాడు. ఆయన జన్మలో ఇచ్చిన అతి చిన్న జవాబు అదే. పక్క అంగడివాడు ఆయనకు జ్వరమేమోనని అడిగి వెళ్ళాడు.

ఫైనల్ రోజు అదియమాన్‌కోట్టై జట్టు ముందే కోర్టులో దిగింది. రెండో జట్టు వెల్లిచందై, మోహనప్రియ ఆట మానేశాక ఇన్నేళ్ళకు మళ్ళీ ఫైనల్‌కు వచ్చింది. రావడమంటే ఇంకా రాలేదు. కెప్టెన్ సరణ్య ఫోన్ చేసింది.

"అక్కా, స్లాబు పోసేది ఇప్పుడే అయింది. మధ్యలో దిగతామంటే మేస్త్రీ ఇడిసిపెట్టలేదు. టెంపోలో వస్తా ఉండాము. ఈల ఊదనీయొద్దు."

ఈల మోగేసరికి కోర్టులో లేని జట్టు ఓడినట్టే. ఆగమని చెప్పడానికి మోహనప్రియకు నోరు రాలేదు. సొంత ఊరి జట్టుకోసం ఆపిందంటారు.

వేడియప్పన్ మైకు అందుకున్నాడు. ఇచ్చిన మాట ప్రకారం, మొదటి ఏడాది కోళ్ళు గీత తిన్నాయనీ, మిగతాది మీకు తెలుసనీ చెప్పి మైకు ఒళ్ళో పెట్టుకున్నాడు. చప్పట్లు కొట్టాలని ఎవరికీ తోచలేదు. దినకరన్ నమ్మలేక ఈల బయటికి తీసి, తుడుచుకుని, మళ్ళీ నోటి దగ్గరికి తెచ్చాడు.

మోహనప్రియ వేడియప్పన్ వైపు చూసింది. ఆయన కుర్చీ ప్రతి ఏడాదిలాగే కోర్టుకు వీపు పెట్టి, రోడ్డు వైపు తిరిగి ఉంది. అదీ ఆయన తిక్కల్లో ఒకటనే అందరూ అనుకునేవాళ్ళు. ఆయన రోడ్డు మలుపు వైపే రెప్ప వేయకుండా చూస్తున్నాడు. అప్పుడు ఆమెకు తట్టింది. తాను ఆడినన్నేళ్ళూ ఆ చరిత్రలో విన్నది ఒక్క మాటే, "మిగతాది మీకు తెలుసు." తాము మలుపు తిరిగినప్పుడల్లా అదే మాట. ఇన్నాళ్ళూ దాన్ని అదృష్టమనుకుంది. ఆమెకు సిగ్గేసింది, ఆ ముసలాయన మీద ప్రేమ పొంగుకొచ్చింది.

గబగబా వెళ్ళి ఆయన ఒళ్ళోంచి మైకు తీసుకుంది. మైకులో ఎప్పుడూ తమిళమే నడుస్తుంది గానీ, కంగారులో ఆమెకు ఇంటి తెలుగే వచ్చేసింది.

"మామా, మేక సంగతి మరిచిపోయినావే."

"ఏ మేక?" అన్నాడాయన గొంతు తగ్గించి.

"మూడో ఏడాది మేక."

మూడో ఏడాది మేకా లేదు, మేకపిల్లా లేదు. వేడియప్పన్ ఆమె మొహం చూశాడు, రోడ్డు చూశాడు. లేచి పంచె ఎగ్గట్టి, ఆమె చేతిలోని మైకు అందుకున్నాడు.

"ఆ మేకనా. అది చెప్పాలంటే మొదటి ఏడాది నుంచి రావల్ల."

దినకరన్ ఈల మళ్ళీ నోట్లో పెట్టుకుని టెంక చీకడం మొదలుపెట్టాడు.

కోళ్ళు మళ్ళీ గీత తిన్నాయి. క్రికెట్టువాడు మళ్ళీ వచ్చాడు. మేక వంశమంతా వచ్చింది. దాని అవ్వను పెన్నాగరం సంతలో బేరమాడుతుండగా టెంపో మలుపు తిరిగింది. అమ్మాయిలు సిమెంటు కాళ్ళతోనే కోర్టులోకి దూకారు. మిగతాది మీకు తెలుసని వేడియప్పన్ మైకు కట్టేశాడు. ఆ మేకను కళ్ళారా చూశామని జనంలో ఇద్దరు ముగ్గురు అప్పటికే చెబుతున్నారు.

వెల్లిచందై గెలిచింది. సరణ్య క్రికెట్టువాడిని చంకన పెట్టుకుని మోహనప్రియ దగ్గరికి వచ్చింది.

"మేము వచ్చేటప్పటికి ఆ మామ చరిత్ర అయిపోయింది అక్కా. బతికిపోయినాము."

"అవును," అంది మోహనప్రియ. "మన ఊరిది మొదటి నుంచీ అదే అదృష్టం."