బొంబాయి కారుకు నారాయణగూడ ఝాలరు

"బొంబాయిలో బాగుచేయించిన అరుదైన ఇంగ్లండు స్పోర్ట్స్ కారు అమ్మబడును" అని కారు యజమాని పేపర్లో వేయించారు. పచ్చి అబద్ధం. ఆ కారు బొంబాయి ముఖం కూడా చూడలేదు. తుప్పు రేకుల కుప్పగా మా అశోక్‌నగర్ షెడ్డుకు వచ్చింది. రేకు సాపు చేసింది నేను, ఇంజను విప్పి బిగించింది మా ఉస్తాదు. పాలమూరు నుంచి కూలికి వచ్చి, చూసి చూసి పని నేర్చుకున్నవాణ్ణి. నేను చేశానని చెప్పుకోవడానికి నాకున్నది ఆ ఒక్క కారే. ప్రకటన చూసి బయలుదేరేవాళ్లకు దారీ తెలియాలి, నిజమూ తెలియాలి. అందుకే మొన్న ఆదివారం ప్రయాణం రాస్తున్నాను.

పొద్దున తొమ్మిదింటికి దోమలగూడ నుంచి ఒక డాక్టరమ్మ కారు చూడడానికి నడిచి వచ్చారు. దానికి ఉన్నవి రెండే సీట్లు. స్టీరింగు ఆమె పట్టుకున్నారు. గేరు ఎక్కడ మొరాయిస్తుందో నాకే తెలుసు కాబట్టి పక్క సీటు నాది. కారు యజమాని సారు తన స్కూటరు మీద వెనక. బయలుదేరే ముందు నా చెవిలో, "జర నోరు మూసుకొని కూసో. బొంబాయి అంటెనే గిరాకీ" అన్నారు. పళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాను.

సందు దాటి చిక్కడపల్లి మెయిన్ రోడ్డెక్కగానే సగం కోపం గాలికి ఎగిరిపోయింది. టాపు వెనక్కి మడిచి ఉంది. నెత్తిమీద ఆకాశం, పక్కన బస్సు చక్రాలు మా భుజాలంత ఎత్తు. ఫుట్‌బోర్డు మీంచి కండక్టరు, "ఏందమ్మా, స్నానాల తొట్టికి చక్రాలు పెట్టిచ్చినవా?" అని అరిచాడు. "నువ్వూ దిగి రా అన్నా, టికెట్ లేదు!" అన్నారు డాక్టరమ్మ. ఇరానీ హోటలు ముందు ఆపితే చాయ్ కారు దగ్గరికే వచ్చింది. ఇద్దరికీ చాయ్, బిస్కెట్లు కలిపి పది రూపాయల లోపే.

నారాయణగూడ చౌరస్తాలో ఆగామో లేదో, వాన దంచింది. దిగి టాపు లేపాను. అంచు చుట్టూ ఎర్ర కుచ్చుల ఝాలరు జారి వేలాడింది. టాపు కుట్టింది రిక్షా టాపులు కుట్టే యాదన్న. అలవాటు కొద్దీ ఝాలరు కూడా కుట్టేశాడు. బాగుందని మేమూ ఊడదీయలేదు. ఎప్పుడూ మడిచిన టాపునే చూసిన సారుకు ఆ సంగతి తెలియదు.

పక్కనే ఆగిన రిక్షా అన్న వంగి చూశాడు. "ఓ అక్కా! ఇది మా యాదన్న కుట్టిన టాపు గదా! నా బండికి గూడ గిదే ఝాలరు!"

తడిసి ముద్దయిన సారు స్కూటరు మీంచి, "ఏయ్, పోవయ్యా! అది బొంబాయిల కుట్టిచ్చింది" అన్నారు.

"బొంబాయిల యాదన్న దుకాణం ఎప్పుడు పెట్టిండు సారూ?"

డాక్టరమ్మ నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పు తమ్మీ." చెప్పేశాను, మొదటి రేకు నుంచి చివరి కుట్టు దాకా.

ఆమె కారును నేరుగా మార్కెట్ వెనక యాదన్న దుకాణానికి తిప్పారు. యాదన్న మిషను ఆపి, "చెయ్యి ఊకోలేదమ్మా. వద్దంటె ఝాలరు తీసేస్త" అన్నాడు.

"ముట్టుకున్నవంటె చూడు!" అని నవ్వి, డాక్టరమ్మ సారుతో అన్నారు: "బొంబాయిదైతే బోల్టు ఊడినప్పుడల్ల రైలెక్కాల్నా? వీళ్లయితే నడిచి వస్త. కానీ ముందు ఆ ప్రకటన దిద్దించున్రి, తర్వాత బేరం."

సారు "చూద్దాం" అని స్కూటరు కిక్కు కొట్టారు. అది స్టార్టు కాలేదు. నేనూ యాదన్నా తోశాం.

తిరుగు దారిలో వాన తెరిపిచ్చింది. దారి పొడుగునా జనం ఆ ఝాలరు చూసి నవ్వారు. నాకు సిగ్గనిపించలేదు. వాళ్ల రోడ్డు మీద పుట్టిన బండిని వాళ్లు గుర్తుపట్టారు, అంతే. చూడడానికి వచ్చేవాళ్లు చిక్కడపల్లిలో బస్సు దిగి అశోక్‌నగర్ వైపు నడవండి. వీలైతే మబ్బు పట్టిన రోజున రండి, తప్పకుండా టాపు లేపించి చూడండి.

సారూ, వచ్చే ఆదివారం పేపర్లో "అశోక్‌నగర్‌లో బాగుచేసిన కారు, టాపు నారాయణగూడలో కుట్టినది" అని పడాలి. కింద ఉస్తాదు పేరు, యాదన్న పేరు, నా పేరు ఉండాలి. శుక్రవారం సాయంత్రం షెడ్డు మూసేలోపు ఔనో కాదో చెప్పండి. అప్పటిదాకా కారు సందు మొగలోనే ఉంటుంది, టాపు లేపి.