మూడేళ్ళ ఓపిక

మా అమెరికన్ ఫుట్‌బాల్ స్టేడియంలో ఇరవయ్యో వరస చివరి కుర్చీ ఇరవై ఆరేళ్ళుగా లెన్ క్రుపాదే. ఒళ్ళో కాఫీ ఫ్లాస్కు, చెవులదాకా లాగిన నారింజ రంగు ఉన్ని టోపీ. జట్టు ఓడిపోతుంటే సిగ్గుతో తలకి కాగితం సంచీ తొడుక్కునే వాళ్ళని చూస్తే అతనికి ఒళ్ళు మంట. "తియ్యండ్రా ఆ సంచులు! బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ అంటే లేతమొక్క. ముందు వాడికి అడ్డంగా గోడలా నిలబడే ఐదుగురు లావుపాటి వాళ్ళని తేవాలి. తర్వాత మూడేళ్ళు వాణ్ణి పల్లెత్తు మాట అనకూడదు. మనవాళ్ళేమో ఏడాదికొకణ్ణి తెచ్చి, పారేసి, మళ్ళీ మొదటికొస్తారు," అని చేతిలో సాసేజ్ ఊపుతూ చెప్తాడు. దాని మీది ఆవముద్ద పక్కవాడి కోటు మీద పడుతుంది.

ఆ ఆదివారం ముందు వరసలో కొత్తగా కనబడ్డ ఒకావిడ వెనక్కి తిరిగి ఇదంతా శ్రద్ధగా విని, నవ్వి, డబ్బాలోంచి బిస్కెట్టు తీసి ఇచ్చింది. మా కొత్త క్వార్టర్‌బ్యాక్‌కి అది మూడో ఆట. ముచ్చటగా మూడోసారి బంతిని తిన్నగా అవతలి జట్టు చేతుల్లోకి విసిరాడు. "తీసెయ్యండ్రా వాణ్ణి! ఈ చేతకాని వెధవని ఎక్కణ్ణించి పట్టుకొచ్చార్రా!" అని ఎవరో గొంతు చించుకున్నారు. వరస వరసంతా లెన్ వైపే చూసింది. తను లేచి నిలబడి ఉన్నాడనీ, అరిచింది తనేననీ అతనికి అప్పుడు తెలిసింది. సగం బిస్కెట్టు ఇంకా నోట్లోనే ఉంది. ముందావిడ నెమ్మదిగా వెనక్కి తిరిగింది.

"మూడేళ్ళు మా అబ్బాయిని పల్లెత్తు మాట అనకూడదన్నారు కదండీ," అంది.