ఫోనవ్వ నోటుబుక్కులో నా పేరు

ఫోనవ్వ పోయిందన్న సంగతి నాకు తొమ్మిది రోజుల తర్వాత తెలిసింది, అదీ నిజామాబాద్ బస్టాండులో మా పాత వాడ మనిషి ఒకరు ఎదురుపడితే. ఊళ్లో అందరికీ కబురు అందింది. నాకు చెబుదామంటే నా నంబర్ ఎవరి దగ్గరా లేదు. తప్పు ఎవరిదీ కాదు, నాదే.

అవ్వ మాకు చుట్టం కాదు. బోధన్‌లో మా వాడ మొత్తానికి ఒకే ఫోను ఉండేది, అది ఆమెది. దరఖాస్తుల్లో మేమంతా ఆ నంబరే రాసి పక్కన 'పీపీ' అని పెట్టేవాళ్లం, అంటే పక్కింటి ఫోను అని. అది మోగితే అవ్వ కొంగుకు చేతులు తుడుచుకుంటూ ఎవరి గుమ్మం దాకైనా వచ్చి పిలిచేది. ఆదివారం చర్చికి పోయిన గంటన్నర తప్ప ఆ ఫోను ఎత్తని పూట లేదు. ఊరు వదిలినవాళ్ల నంబర్లు నోటుబుక్కులో రాసుకునేది. మారితే పాతది కొట్టేసి కింద కొత్తది రాసేది.

నిజామాబాద్‌లో కంప్యూటర్ కోర్సు చేసే రోజుల్లో ఇంటర్నెట్ సెంటర్‌కు పోయి, ఒక డైరెక్టరీలో నా పేరు, ఊరు, ఈమెయిల్ ఎక్కించుకున్నాను. అడిగినవాళ్లకు అవి వెతికి ఇవ్వడమే ఆ డైరెక్టరీని దాచుకున్న సర్వర్ కంప్యూటర్ పని. ఫోను గడిలో అవ్వ నంబర్ నింపాను, ఆమెను ఒక మాటైనా అడగకుండా. పీపీ అని రాసే చోటు అందులో లేదు. ఎన్ని సర్వర్లు దాన్ని నకలు చేసుకున్నాయో గానీ, నేను ఉద్యోగానికి హైదరాబాద్ పోయాక కూడా ఎవరెవరో నాకోసం ఆమెకు ఫోన్ చేసేవాళ్లు. ఆమె నోటుబుక్కు చూసి నా కొత్త నంబర్ చెప్పేది.

నా ఉద్యోగమూ అదే, ఆఫీసు డైరెక్టరీ సర్వర్ చూసుకోవడం. దేశం, ఊరు, ఆఫీసు, మనిషి అని వివరాలు వరుసగా దాచుకుంటుందనీ, తన దగ్గర లేకపోతే ఏ సర్వర్ దగ్గరుందో చెబుతుందనీ ఒక సెలవులో ఊరికి పోయినప్పుడు అవ్వకు గొప్పగా వివరించాను.

"గదే గదనే నేను చేసేది," అంది. "మరి నంబర్ మారిందని దానికెవలు చెప్తరు?"

"ఎవలది వాళ్లే చెప్పాలె అవ్వా. చెప్పకపోతే పాతదే పట్టుకొని కూసుంటది."

"నాలెక్కనే, పాపం," అని నవ్వింది.

ఆఫీసులో వివరాలు మార్చుకోని వాళ్లను మెయిళ్లు పెట్టి సతాయించేదాన్ని. నేను మాత్రం ఇల్లు మారి, సెల్‌ఫోన్ కొని, అవ్వకు చెప్పలేదు. మా వాళ్లు కూడా అప్పటికే వాడ వదిలి రెంజల్ చేరారు. రేపు చేద్దాం అనుకున్నాను. రెండేళ్లు అలాగే అనుకున్నాను. రాయడానికి సిగ్గుగా ఉంది.

మొన్న బోధన్ పోతే అవ్వ కోడలు నోటుబుక్కు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"మంచంల పడ్డంక గూడ, నీ నంబర్ కలుస్తలేదని నీకోసం ఫోన్లు వచ్చినయక్కా. నాకియ్యి అని తనే మాట్లాడేది. 'మా పిల్లనే, జర ఆగుండ్రి, కొత్త నంబర్ ఇస్తది' అని చెప్పేది."

నా పేరు కింద రెండు నంబర్లున్నాయి. రెండూ కొట్టేసి ఉన్నాయి. వాటి కింద ఒక వరుస ఖాళీగా వదిలి, పక్కన పెన్సిల్‌తో రాసుకుంది: 'ఫోన్ చేస్తది.'