తాళం లోపలికి వచ్చిన మా అత్త

మొన్నామధ్య విజయనగరంలో ఒక ఆడపిల్లల కాలేజీ వాళ్లు పిలిస్తే వెళ్లాను. చాలాకాలం రెడీమేడ్ బట్టల యూనిట్‌కి మేనేజరుగా చేసి రిటైరయ్యాను కదా, పిల్లలకి నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. చెప్పాను. చివర్లో ముందు వరసలో కూర్చున్న ఒక అమ్మాయి లేచి, మంచి వ్యాపార నాయకుడికి ఉండవలసిన లక్షణాలేమిటి మేడమ్, అని అడిగింది. దూరదృష్టి, ఓర్పు, నిర్ణయం తీసుకునే ధైర్యం అంటూ నోటికొచ్చిన పెద్ద మాటలన్నీ అప్పజెప్పాను. పాపం, ఆ పిల్ల వాటిని బుద్ధిగా రాసుకుంది. ఇంటికి వస్తుంటే ఆటోలో నాకు మా మేనత్త గుర్తొచ్చింది. ఆ పెద్ద మాటల్లో ఒక్కటీ ఆవిడకి తెలియదు.

మాది రైల్వే కుటుంబం. బొబ్బిలి వైపు నుంచి నాన్న, మావయ్య ఉద్యోగాల మీద కిరండోల్ లైను చివరికంటా వెళ్లి, బస్తర్ కొండల కింద గనుల ఊళ్లో స్థిరపడ్డారు. అత్త భర్త మావయ్య పాయింట్స్‌మన్, రైళ్లకి పట్టాలు మార్చి దారి ఇచ్చేవాడు. ఇంట్లో కూడా ఎవరు ఎటు వెళతామంటే అటు దారి ఇచ్చి పక్కకి నిలబడేవాడు. ఆ ఊళ్లో పట్టాలు కొండకి కొట్టుకుని ఆగిపోతాయి. ముందుకు ఊరు లేదు. గనుల ఎర్రదుమ్ము గోడల మీద, అన్నం గిన్నెల మీద, ఆరేసిన బట్టల మీద పేరుకునేది. మా ఊళ్లో తెలుపంటే లేత గులాబీ అని నేను చాలాకాలం అనుకున్నాను. ప్రైవేటుగా డిగ్రీ పూర్తి చేసి, విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తానంటే నాన్న ఒప్పుకోలేదు. ఒంటరి ఆడపిల్ల అక్కడెక్కడుంటుంది అన్నాడు. క్వార్టరు వరండాలో కూర్చుని ఖనిజం నింపుకున్న గూడ్సులు ఒకదాని వెనక ఒకటి విశాఖ వైపు పోతుంటే చూసేదాన్ని. కొండ కూడా ముక్కలు ముక్కలుగా ఊరు దాటి పోతోంది, నేను మాత్రం కదల్లేకపోతున్నాను అనిపించేది.

నా ఏడుపు చూడలేక అత్త నన్ను తన కుట్టు దుకాణంలో పెట్టుకుంది. బజారు వెనక రెండు గదులు, కొన్ని కుట్టు మిషన్లు, పదిమందికి పైగా ఆడవాళ్లు. రైల్వే వాళ్ల భార్యలు కొందరు, చుట్టుపక్కల పల్లెల గోండు ఆడవాళ్లు కొందరు. ఒకావిడ కోంటా వైపు ఎర్రబోరు నుంచి పెళ్లి చేసుకుని వచ్చింది. మేమంతా ఆవిణ్ని ఎర్రబోరు వదిన అనేవాళ్లం. గనుల్లో పనిచేసే కూలీల యూనిఫారాలు, స్కూలు పిల్లల లాగూలు, చొక్కాలు కుట్టేవాళ్లు. కత్తిరింపు నాది. దాంతోపాటు హిందీ కూడా నాదే. అత్తకి హిందీ రాదు. రాదని ఒప్పుకోవడం అసలే రాదు. ‘బట్ట తెచ్చినావు హై?’ అని తెలుగు మాటకి చివర ఒక ‘హై’ తగిలించి, అవతలివాడికి అర్థం కాకపోతే వాడికే హిందీ రాదని తేల్చేసేది. అందుకని ఆవిడ మాటల్ని కాస్త మెత్తబరిచి హిందీలోకి మార్చడం నా ఉద్యోగంలో భాగమైపోయింది. అత్తకి ఒక కల ఉండేది. జగదల్‌పూర్‌లో అద్దాల తలుపుల షాపు, లోపల గిర్రున తిరిగే కుర్చీ. బ్యాంకులో అలాంటి కుర్చీ ఖాళీగా కనిపిస్తే చాలు, ఎవరూ చూడకుండా కూర్చుని ఒకసారి తిరిగి లేచేది.

ఆ కల తీరే దారి ఒక వేసవిలో కనపడింది. గనులకి కూలీల్ని పెట్టే కాంట్రాక్టరు, ఒక పెద్ద ఠేకేదారు, తన కూలీలందరి యూనిఫారాలూ మాకే ఇస్తానన్నాడు. వానలు పడేలోగా కావాలి. అందుకని తన ఆవరణలోని రేకుల షెడ్డు ఇస్తాను, మిషన్లు అక్కడికి మార్చి కుట్టించమన్నాడు. గేటు దగ్గర తన చౌకీదారు ఉంటాడని కూడా చెప్పాడు. ఆ రాత్రి అత్తకి నిద్ర పట్టలేదట. పొద్దున్నే వచ్చి, షాపుకి ఏ రంగు బోర్డు బాగుంటుందే అని నన్ను అడిగింది. చిక్కల్లా ఒక్కటే. అది ఇప్పపువ్వు రాలే కాలం. ఏటా ఆ రోజుల్లో గోండు ఆడవాళ్లు తెల్లారక ముందే అడవికి వెళ్లి పువ్వు ఏరుకుని, ఎండెక్కాక మిషను దగ్గరికి వచ్చేవాళ్లు. కొందరు వచ్చేవాళ్లే కాదు. ఈసారి మాత్రం అత్త అందరినీ పేరుపేరునా బతిమాలి ఒప్పించింది.

షెడ్డుకి ఒకే తలుపు, ఎత్తులో చిన్న కిటికీలు. మొదట్లో అంతా బాగానే నడిచింది. ఒకరోజు బట్టల మూటలు విడిపించడానికి అత్త స్టేషనుకి వెళ్లింది. మధ్యాహ్నం ఎర్రబోరు వదిన లేచి తలుపు తోసింది. రాలేదు. ఆవిడకి పసిబిడ్డ ఉన్నాడు. అత్తగారి దగ్గర వదిలి, రోజూ ఆ వేళకి వెళ్లి పాలిచ్చి వచ్చేది. నేను వెళ్లి తలుపు బాదాను. బయటినుంచి చౌకీదారు, ‘సాబ్ కా ఆర్డర్’ అన్నాడు. ముందురోజు ఇద్దరు పువ్వు ఏరడానికి మధ్యలో వెళ్లిపోయారట, అందుకని ఇక సాయంత్రం దాకా తాళం తియ్యద్దని ఠేకేదారు చెప్పాడట. పసిబిడ్డ సంగతి చెప్పాను. తాళంచెవి తన దగ్గరే ఉందనీ, తీస్తే తన ఉద్యోగం పోతుందనీ చెప్పాడు. రేకుల కింద గాలి ఆడటం లేదు. వదిన తిరిగొచ్చి మిషను ముందు కూర్చుంది. కాసేపటికి ఆవిడ జాకెట్టు ముందుభాగం తడిసిపోయింది. కొంగు కప్పుకుని కాజాలు కుడుతూనే ఉంది. ఊరు దాటలేకపోతున్నానని ఏడ్చిన నేను, ఇరుక్కుపోవడమంటే ఏమిటో ఆ పూట చూశాను.

అత్త రిక్షాలో మూటలతో వచ్చింది. తలుపుకి వేలాడుతున్న తాళం చూసింది. కిటికీలోంచి నేను జరిగిందంతా చెప్పాను. అరుస్తుందనుకున్నాను, గోల చేస్తుందనుకున్నాను. అలాంటిదేమీ చెయ్యలేదు. చౌకీదారుతో తననీ లోపలికి పంపమంది. ఆర్డరు ఆడవాళ్లు బయటికి పోకుండా ఆపమని కాబట్టి, లోపలికి వచ్చేదాన్ని ఆపడానికి అతనికి కారణం దొరకలేదు. తీసి, ఆవిడ వచ్చాక మళ్లీ వేసేశాడు. వాకిట్లో మూటలు అలాగే ఉండిపోయాయి. అత్త నేల మీద కూర్చుని అంది: ‘ఒలే, మిసన్లాపీండే. అందరూ ఆపీండి.’

మిషన్ల చప్పుడు ఆగితే అదే ఆవరణలో ఉన్న ఠేకేదారు ఇంట్లో తెలిసిపోతుందని ఆవిడకి తెలుసు. కాసేపటికి అతనే వచ్చాడు. తలుపు తీయించి, చెప్పులు విప్పి, ఎంతో మర్యాదగా మాట్లాడాడు. మీకు తాళమేమిటి బెహన్‌జీ, మీరెప్పుడు కావాలంటే అప్పుడు రావచ్చు, పోవచ్చు. ఇది ఈ అడవి ఆడవాళ్ల కోసం, పువ్వు రాలుతుంటే వీళ్లు నిలవరు, అన్నాడు. వ్యాపారం చెయ్యాలంటే మనసు గట్టి చేసుకోవాలని కూడా చెప్పాడు. అత్త నావైపు తిరిగింది.

‘తాలమేసిన గదిలో కుట్టిన బట్ట నాది కాదని సెప్పు. నాను కుట్టించనని సెప్పు.’

అది హిందీలో చెప్పాను. ఆ రోజు ఒక్క మాటా మెత్తబరచలేదు. అయితే పని సగంలో వదిలేసినందుకు మిషన్లు ఇక్కడే ఉంటాయన్నాడతను, అదే మర్యాదతో. అత్త తన మిషన్ల వైపు ఒకసారి చూసింది. తరవాత ముందు వదినని, వెనక మిగతావాళ్లని పంపించి, చివరికి తను బయటికి వచ్చింది. ఖాళీ చేతులతో నడిచాం. మలుపు దగ్గర ఎర్రబోరు వదిన ఆగి ఉంది. బిడ్డ దగ్గరికి పరుగెత్తకుండా ఎందుకాగిందా అనుకున్నాను.

‘లోపలికొచ్చినవ్, మంచిదే అక్కా,’ అంది. ‘తాళం పడేదాంక ఎందుకు చూడలే?’

అత్త తడబడింది. ‘సూణ్నేదమ్మా. సూడాల్సింది,’ అంది. వదిన తలూపి గబగబా వెళ్లిపోయింది.

ఆ వేసవంతా దుకాణం మూసే ఉంది. మిషన్లు వానాకాలం గడిచాక గానీ తిరిగి రాలేదు. వచ్చినవాటికి చక్రాలు తిరగలేదు. అత్త ఇంట్లో ఉన్న పాత మిషను మీద జాకెట్లు కుట్టుకుంది. తొలకరి పడ్డాక ఒక పొద్దున్న ఎర్రబోరు వదిన బిడ్డని చంకనేసుకుని వచ్చి, గుడ్డ ముక్కల మూట మీద పడుకోబెట్టి, పనేముంది అని అడిగింది. తరవాత మిషన్లు బాగుచేయించి దుకాణం తెరిచాక ఒక్కొక్కరే వచ్చారు. కొందరు రాలేదు. అత్త వాళ్లని తప్పుపట్టలేదు. అప్పటినుంచి ఇప్పపువ్వు రోజుల్లో పొద్దుటిపూట దుకాణం తెరిచేది కాదు. అలాగని ఆవిడ మహాత్మురాలు అయిపోలేదు. ఠేకేదారు కొత్త జీపు బజార్లో కనపడినప్పుడల్లా ముఖం ముడుచుకుని, ‘ఈపాటికి జగదల్‌పూర్లో కొట్టుండీది మనకి,’ అనేది. ఆ షాపు చివరిదాకా రాలేదు. ఆ కోరిక కూడా చివరిదాకా పోలేదు.

రెండేళ్లకి నాన్న మెత్తబడి నన్ను విశాఖ పంపించాడు. కోరుకున్న ఉద్యోగం దొరికింది, మెట్లెక్కాను. యూనిట్‌లో వెనక తలుపుకి పని వేళల్లో తాళం వెయ్యాలని పైవాళ్లు ఎప్పుడు చెప్పినా నేను ఒప్పుకోలేదు. మీరు మరీ మెత్తన అన్నారు. ఒక మెట్టు దగ్గర నన్ను అక్కడే ఉంచేశారు. ఏళ్ల తరబడి నా కింద పనిచేసినవాళ్లు నన్ను దాటి పైకి వెళ్లిపోవడం చూస్తూ కూర్చున్నాను. కడుపులో మంట లేదంటే అబద్ధం.

ఆ షెడ్డులో నేల మీద కూర్చున్ననాటి అత్త కంటే ఇప్పుడు నేను చాలా పెద్దదాన్ని. కాలం అన్నీ వెనక్కి నెట్టేస్తుందంటారు గానీ, ఆ మధ్యాహ్నం మాత్రం ఎక్కడ ఆగిందో అక్కడే ఉంది. ఏడాదికి కొంచెం చొప్పున దాన్ని అర్థం చేసుకునే వయసుకి నేనే చేరుకుంటున్నాను.