అక్క పేరిట గిన్నె

నాకు నోరు ఎక్కువని మా వీధిలో అందరూ అనేవాళ్లు. నిజమే. డెబ్బైల మొదట్లో ఆదోనిలో హాస్టల్లో ఉండి బీఏ తత్వశాస్త్రం చదివి, ఆ నోటికి పదును కూడా పెట్టుకున్నాను.

మేము దూదేకుల వాళ్లం. నాయన ఎమ్మిగనూరులో పరుపులకు దూది ఏకేవాడు. నమాజుకు అరబీ, ఇంట్లో తెలుగు. అమ్మ రోజూ చదివే ఖురాన్ సూరాల్లో ఒక్క మాటకూ ఆమెకు అర్థం తెలీదు. అది నాకు నామోషీగా ఉండేది.

కాలేజీలో పాతకాలపు ముస్లిం తత్వవేత్త ఒకాయన గురించి చదివాను. మతధర్మం ప్రకారం తీర్పులిచ్చే న్యాయమూర్తి కూడా ఆయన. బుద్ధికి రుజువైనదానికీ గ్రంథంలోని మాటకూ పొసగకపోతే, ఆ మాటకు లోపలి అర్థం వెతకాలన్నాడు. ప్రాణం లేచొచ్చింది. మతాన్నీ వదలక్కర్లేదు, బుర్రనూ తాకట్టు పెట్టక్కర్లేదు! కానీ ఆయనే ఇంకో మాటా అన్నాడు: లోపలి అర్థాన్ని అందరి ముందూ విప్పకూడదట. పైఅర్థం పోయి, లోపలిది అందక, మనిషికి ఏదీ మిగలదట. ఆ పేజీ పక్కన 'పెద్దమనుషుల పొగరు' అని పెన్సిలుతో రాశాను.

ఆ ఏడు షబే బరాత్‌కు ఇంటికొచ్చాను. ఆ రోజు చనిపోయినవాళ్ల పేరు పేరునా గిన్నెల్లో హల్వా పెట్టి ఫాతెహా చదివిస్తాం. చివర్న ఒక చిన్న గిన్నె, నాకంటే ముందు పుట్టి నలభై రోజులకే పోయిన అక్కకు. అట్లా పోయిన పసిబిడ్డలు స్వర్గం వాకిట్లో నిలబడి ఎదురుచూస్తారని, తల్లి చెయ్యి పట్టుకొని లోపలికి తీసుకుపోతారని అమ్మ నమ్మకం.

మధ్యాహ్నం రవ్వ వేయిస్తూ అమ్మే కదిపింది. "అంత సదివినావు కదమ్మే, స్వర్గంలో పాల ఏర్లు పారతాయంట, నిజమేనా సెప్పు."

"అవి పోలికలమ్మా. ఆడుండే సుఖం మనకు తెలియాలని అట్ల సెప్పినారు."

"అదీ మాట! మన కొళాయిలో నీళ్లకే దిక్కులేదు, ఆడ పాలంటనా," అని నవ్వింది.

నేనూ నవ్వాను. అక్కడ ఆగొచ్చు కదా! స్వర్గంలో తోటా పోలికే, దాని వాకిలీ పోలికే అంటూ విప్పుకుంటూ పోయాను.

గరిటె ఆగింది. "మరి నా బిడ్డ? అది వాకిట్లో నిలబడి ఉండేది కూడా పోలికేనా?"

ఒక్కచోట తగ్గితే వాదం మొత్తం కూలిపోతుందని నా పంతం. "అదీ అంతేనమ్మా."

రవ్వ మాడిన వాసన వచ్చేదాకా అమ్మ కదల్లేదు. సాయంత్రం అమ్మ వరసగా పెట్టిన గిన్నెల్లో చిన్నది లేదు.

"అక్కది మర్సిపోయినావు."

"మర్సిపోలేదు. పోలికకు హల్వా ఎందుకమ్మే?"

నాయన నావైపు ఒకసారి చూసి, మొహం తిప్పుకున్నాడు.

తర్వాత ఏటేటా నచ్చజెప్పబోయాను. పోలిక అంటే అబద్ధం కాదు, దాని వెనక మన మాటలకందని నిజమేదో ఉంటుందని. ఆ మాట మొదటే చెప్పి ఉండాల్సింది. చివరికి అమ్మ విసుక్కుంది: "ఆ నిజానికి నన్ను పట్టుకునేదానికి సెయ్యి ఉంటాదా? అదొక్కటి సెప్పు."

ఉంటుందంటే చాలు, గిన్నె తిరిగొచ్చేది. ఇంత నోరున్న దాన్ని, నోరు మూసుకున్నాను.

ఆ పెన్సిలు రాత నేను చెరపలేదు. అమ్మకు లోపలి అర్థం అందలేదంటే ఒప్పుకోను. అందింది కాబట్టే గిన్నె తీసేసింది.

ఎనభైల్లో అమ్మ పోయింది. ఆ ఏటి షబే బరాత్‌కు ఆమె గిన్నె పక్కనే చిన్నదొకటి పెట్టాను. నమ్మి పెట్టావా అని నాయన అడగలేదు. అడుగుతాడేమోనని ఫాతెహా అయ్యేదాకా తల ఎత్తలేదు.